సముద్రముపై పగ – సిలువయొద్ద సమాధానము



మన పిడుగురాళ్ల నుండి సముద్రము చూడాలంటే గుంటూరు దాటి, బాపట్ల దాటి, సూర్యలంక వరకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయాలి. ఇక్కడ మనకు తెలిసినది రాయి, సున్నపు బట్టీల పొగ, మిరప చేలు, పత్తి చేలు. మనలో చాలమందికి యుద్ధనౌక అంటే బొమ్మల్లో చూసినదే. అయినా సముద్రము మీద జరిగిన ఒక మహాయుద్ధము మన తెలుగు నేలను కూడ తాకింది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నము మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ బాంబుల్లో ఒకదానిని విశాఖ మ్యూజియములో ఉంచారు.

ఆ విమానములు ఎక్కడి నుండి వచ్చాయి? వాటిని మోసుకొచ్చిన ఓడ చివరకు ఏమైంది? ఆ యుద్ధములో ఒకరిమీద ఒకరు పగబట్టిన రెండు దేశముల సైనికులలో ఇద్దరు, తరువాత ఒకే ప్రభువు పేరట ఒకే వేదికమీద ఎలా నిలువగలిగారు? ఈ సంగతులు మన పిల్లలు పాఠ్యపుస్తకములలో అంతగా చదువరు. కాబట్టి ఈ నెల వాటిని కుటుంబమంతా కూర్చుని చదువుకొనుటకు వ్రాస్తున్నాను.

ఈస్టరు ఆదివారము ఉదయము

1942వ సంవత్సరము మొదటి నెలలలో జపాను సేనలు తుఫానువలె ముందుకు వచ్చాయి. ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. మార్చి 8న రంగము, అనగా రంగూను పట్టణము, వారి వశమైంది. మార్చి 23న అండమాను దీవులలో వారి సైన్యము దిగింది. కూలి కోసము, వ్యాపారము కోసము రంగము వెళ్లిన తెలుగువారు ఎందరో ఉండేవారు. బర్మాలోని భారతీయులు లక్షలాదిగా ఇండ్లు వాకిళ్లు విడిచి, పసిపిల్లలను చంకనెత్తుకొని, కొండలలో అడవులలో కాలినడకన మన దేశమునకు బయలుదేరారు. దారిలోనే ఆకలితో, జ్వరములతో వేలాదిమంది రాలిపోయారు.

ఏప్రిల్ 5వ తేదీ ఈస్టరు పండుగ. ఆ ఉదయము సింహళములోని కొలంబో రేవుమీద జపాను విమానములు దాడిచేశాయి. అదే రోజున డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అను రెండు బ్రిటిషు యుద్ధనౌకలు సముద్రములో మునిగి, 424 మంది నావికులు చనిపోయారు. నాలుగు రోజుల తరువాత ట్రింకోమలీ మీద దాడి జరిగింది. హెర్మెస్ అను విమానవాహక నౌక మునిగి 307 మంది మరణించారు. కొలంబో, ట్రింకోమలీ దాడులలో జపాను విమానములను నడిపించిన నాయకుని పేరు మిత్సువో ఫుచిదా. ఈ పేరు దయచేసి గుర్తుంచుకోండి.

మన తీరము మీదికి వచ్చినది మరొక దండు. అడ్మిరల్ ఒజావా క్రింద రియూజో అను విమానవాహక నౌక, దానితో యుద్ధనౌకలు బంగాళాఖాతములో ప్రవేశించి, కొద్ది రోజులలోనే ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచివేశాయి. విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి ఈ రియూజో విమానములే. మద్రాసు ప్రభుత్వము కూడ భయపడి తన కార్యాలయములను లోపలి జిల్లాలకు తరలించింది. ఆనాడు గుంటూరు జిల్లా, అందులోని మన పల్నాడు, మద్రాసు రాజధానిలోనివే కదా.

పగ ఎక్కడ మొదలైంది?

జపాను 1937 నుండి చైనాతో పెద్దయెత్తున యుద్ధము చేస్తూ ఉంది. 1941లో ఆ సైన్యము ఇండోచైనా దక్షిణ భాగములోనికి కూడ ప్రవేశించగా, అమెరికా జపానుకు పెట్రోలియము అమ్మకము ఆపివేసింది. నూనె లేనిదే ఓడ కదలదు, విమానము ఎగరదు. ఆగ్నేయాసియాలోని నూనె బావులను స్వాధీనము చేసికొనుటకు జపాను నిశ్చయించుకొంది. అయితే ఆ దారికి అడ్డుగా హవాయి దీవులలోని పెర్ల్ హార్బరులో అమెరికా నౌకాదళము ఉంది.

1941 డిసెంబరు 7వ తేదీ ఆదివారము ఉదయము ఆరు విమానవాహక నౌకలనుండి జపాను విమానములు రెండు విడతలుగా, మొత్తము 350కి పైగా, పెర్ల్ హార్బరుమీద పడ్డాయి. ముందు నడిచినవాడు ఫుచిదాయే. శత్రువు ఎదురుచూడని వేళ దాడి జరిగిందని తెలుపుటకు ఆయన విమానమునుండి పంపిన సంకేతము 'తోరా, తోరా, తోరా'. జపాను భాషలో ఆ మాటకు పులి అని అర్థము. 2,403 మంది అమెరికనులు మరణించారు. ఒక్క అరిజోనా నౌకలోనే 1,177 మంది పోయారు.

ఆ వార్త రేడియోలో వచ్చిన సమయమున అమెరికా సైనిక శిబిరము వంటశాలలో ఒక సామాన్య సైనికుడు బంగాళాదుంపలు ఒలుస్తూ ఉన్నాడు. పేరు జేకబ్ డిషేజర్. కోపముతో చేతిలోని దుంపను గోడకేసి కొట్టి, దీనికి జపాను బదులు చెల్లించి తీరాలని కేకవేశాడు. భక్తిగల తలిదండ్రులు పెంచిన బిడ్డయే, గాని అప్పటికి అతనికి దేవుని సంగతి పట్టలేదు. ఇతని పేరు కూడ గుర్తుంచుకోండి.

ఐదు నెలలు తిరిగిరాకముందే అతని కోరిక తీరింది. 1942 ఏప్రిల్ 18న కల్నల్ డూలిటిల్ నాయకత్వమున హార్నెట్ అను ఓడనుండి 16 బాంబు విమానములు, 80 మంది మనుషులు జపాను మీదికి ఎగిరారు. డిషేజర్ ఉన్న చివరి విమానము నగోయా పట్టణముమీద బాంబులు వేసింది. తరువాత నూనె అయిపోగా వారు చైనాలో జపానువారి అధీనములో ఉన్న ప్రాంతమున పారాషూట్లతో దిగి పట్టుబడ్డారు. ఆ దండులో ఎనిమిదిమంది జపానువారికి బందీలైరి. వారిలో ముగ్గురిని అదే సంవత్సరము అక్టోబరులో కాల్చి చంపారు. డిషేజర్ చెరసాలలో పడ్డాడు.

ఒక్క ఉదయము తారుమారైన యుద్ధము

విమానవాహక నౌక అంటే పైభాగమంతా విమానములు దిగుటకు, ఎగురుటకు చదునుగా కట్టిన పెద్ద ఓడ. దానివలన యుద్ధపు తీరే మారిపోయింది. 1942 మే మొదటి వారములో పగడాల సముద్రమున, అనగా ఆస్ట్రేలియాకు ఈశాన్యమున, జరిగిన పోరులో రెండు పక్షముల నౌకలు ఒకదానినొకటి కంటితో చూడనే లేదు. విమానములే వెళ్లి కొట్టి వచ్చాయి. చరిత్రలో అటువంటి నౌకాయుద్ధము అదే మొదటిది. అమెరికా లెక్సింగ్టన్‌ను, జపాను షోహోను పోగొట్టుకున్నాయి. అయితే న్యూగినీలోని పోర్ట్ మోర్స్‌బీని సముద్రమార్గమున పట్టుకొనవలెనన్న జపాను ప్రయత్నము ఆగిపోయింది.

తరువాత జపాను కన్ను మిడ్వే అను చిన్న దీవిమీద పడింది. ఇక్కడ ఒక విచిత్రము జరిగింది. జపాను రహస్య సందేశములలో ఒక స్థలమును రెండక్షరముల గుర్తుతో పిలుస్తున్నారు. అది మిడ్వేయేనా అని తేల్చుకొనుటకు అమెరికా వారు ఒక ఉపాయము పన్నారు. మిడ్వేలో మంచినీళ్ల యంత్రము చెడిపోయిందని బహిరంగముగా కబురు పంపించారు. కొద్ది సమయములోనే జపాను సందేశములలో, ఆ గుర్తుగల స్థలమున నీటికి కొరత ఉన్నదని వినిపించింది. దొరికిపోయారు! నీళ్ల కబురే వల అయింది.

జూన్ 4వ తేదీన పోరు మొదలైంది. అమెరికా వైపు మూడు విమానవాహక నౌకలు. వాటిలో యార్క్‌టౌన్ అంతకుముందే పగడాల సముద్రములో దెబ్బతిన్నది, పగలు రాత్రి పనిచేసి మూడు రోజులలో మరమ్మతు చేసి పంపించారు. ఆ ఉదయము హార్నెట్‌నుండి బయలుదేరిన 15 టార్పెడో విమానములలో ఒక్కటి కూడ తిరిగి రాలేదు. వాటిలోని 30 మందిలో ప్రాణముతో మిగిలినవాడు ఒక్కడే. అయితే పది గంటల ఇరవై నిమిషముల తరువాత పైనుండి నిట్టనిలువుగా దూకిన మరికొన్ని విమానములు కొద్ది నిమిషములలోనే అకాగి, కాగా, సోర్యూ అను మూడు నౌకలను మంటలపాలు చేశాయి. సాయంత్రమునకు నాలుగవదైన హిర్యూ కూడ అంటుకొంది. జపాను పక్షమున 3,000 మందికి పైగా, అమెరికా పక్షమున 307 మంది చనిపోయారు. యార్క్‌టౌన్ కూడ మునిగింది.

ఫుచిదా ఆ రోజు అకాగిలోనే ఉన్నాడు. కొద్ది రోజుల ముందే అపెండిసైటిసు ఆపరేషను అయినందున విమానము ఎక్కలేకపోయాడు. మండుతున్న ఓడనుండి తప్పించుకొనుచు కాళ్లు విరుగగొట్టుకొన్నాడు. ఈస్టరు నాడు సింహళముమీదికి విమానములను పంపిన ఐదు నౌకలలో అకాగి, సోర్యూ, హిర్యూ అను మూడును రెండు నెలలు తిరుగగానే సముద్రగర్భములో ఉన్నాయి.

ఆకలి ద్వీపము

మన విశాఖను, కాకినాడను కొట్టిన రియూజో సంగతి? అది కూడ ఎంతోకాలము బ్రతుకలేదు. 1942 ఆగస్టు 7న అమెరికా సైనికులు సోలమను దీవులలోని గ్వాడల్‌కెనాల్‌లో దిగి, జపానువారు కట్టుచున్న విమానాశ్రయమును పట్టుకున్నారు. దానికోసము ఆరు నెలలు పోరు సాగింది. ఆగస్టు 24న ఆ దీవులకు తూర్పుగా జరిగిన యుద్ధములో రియూజో మునిగిపోయింది. విశాఖలో బాంబులు పడిన నాటికి, ఆ ఓడ మునిగిన నాటికి మధ్య నాలుగున్నర నెలలే.

ఆ దీవి పక్కనున్న సముద్రపు పాయలో ఎన్ని ఓడలు మునిగాయంటే, దానికి ఇనుప అడుగు అని పేరు పెట్టారు. నవంబరు 13న జూనో అను ఓడ మునిగినప్పుడు ఒకే ఇంటి అన్నదమ్ములు ఐదుగురు, సలివాన్ సోదరులు, దానిలోనే ఉన్నారు. ఐదుగురూ ఇల్లు చేరలేదు. ఒక తల్లికి ఐదుగురు కొడుకులు! ఈ మాట చదివే తల్లులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

దీవిలోని జపాను సైనికులకు తిండి అందలేదు. అక్కడ పోయిన సుమారు 25,000 మందిలో తుపాకి గుండుకంటె ఆకలి, మలేరియా, విరేచనములు ఎక్కువమందిని తీసికొనిపోయాయి. వారే ఆ దీవిని ఆకలి ద్వీపమని పిలుచుకొన్నారు. అమెరికా పక్షమున సుమారు 7,000 మంది చనిపోయారు. ఎవరిదో పగకు తమ ఇండ్లు, తోటలు పోగొట్టుకొన్న ఆ దీవుల ప్రజలను కూడ మరువరాదు. జేకబ్ వూజా అను ద్వీపవాసిని జపానువారు చెట్టుకు కట్టి కత్తులతో పొడిచినను ఆయన రహస్యము చెప్పలేదు. కట్లు తెంపుకొని, నెత్తురోడుచు ప్రాకి వచ్చి అమెరికనులను హెచ్చరించి, ప్రాణముతో బ్రతికాడు.

దీవి తరువాత దీవి

ఆ తరువాత యుద్ధము మెట్లెక్కినట్లు ఒక్కొక్క దీవి మీదుగా జపాను వైపు సాగింది. 1943 నవంబరులో తరావా. ఆ దీవి మన ఊరి చెరువుగట్టంత సన్నని ఇసుక నేల. ఆటు సమయమున పడవలు పగడపు దిబ్బలకు తగులుకొనగా, సైనికులు గుండెలోతు నీళ్లలో వందలాది గజములు తుపాకి గుండ్లకు ఎదురు నడిచారు. మూడు రోజుల పైచిలుకులో వెయ్యిమంది అమెరికనులు చనిపోగా, దీవిని కాపాడిన జపాను సైనికులలో పదిహేడుగురు మాత్రమే పట్టుబడ్డారు. మిగిలినవారందరు మరణించారు.

1944 జూన్, జూలై నెలలలో సైపాన్. అక్కడ సైనికులు మాత్రమే కాదు, జపాను కుటుంబములు కాపురముండేవి. శత్రువు చేతికి చిక్కితే చిత్రహింసలు పెడతారని వారికి నూరిపోశారు. తల్లులు పిల్లలతో సహా కొండ అంచులమీదనుండి సముద్రములోనికి దూకారు. భయము, అబద్ధము కలిస్తే ఎంత పని చేస్తాయో చూడండి. ఆ అక్టోబరులో ఫిలిప్పీను దీవులలోని లేతే దగ్గర జరిగిన మహా నౌకాయుద్ధములో జపాను నౌకాబలము విరిగిపోయింది. విమానముతో సహా శత్రు ఓడమీద పడి చనిపోవు కామికాజీ దాడులు అక్కడే మొదలయ్యాయి.

1945 ఫిబ్రవరి 19న ఇవోజిమా. బూడిద ఇసుక, గంధకపు వాసన తప్ప పంట పండని దీవి. 36 రోజుల పోరులో సుమారు 6,800 మంది అమెరికనులు, 20,000 మందికి దగ్గరగా జపానువారు చనిపోయారు. కొండమీద ఆరుగురు సైనికులు జెండా ఎత్తుచున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఆరుగురిలో ముగ్గురు ఆ దీవిని విడువకుండానే మరణించారు.

ఏప్రిల్ 1వ తేదీన ఒకినావాలో సేనలు దిగాయి. ఆ రోజు మరల ఈస్టరు ఆదివారము. కొలంబోమీద బాంబులు పడిన ఈస్టరునుండి ఈ ఈస్టరు వరకు మూడేండ్లు. పునరుత్థాన దినమున మనుష్యులు ఒకరినొకరు చంపుకొనుచునే ఉన్నారు. ఒకినావాలో 12,000 మందికి పైగా అమెరికనులు, సుమారు లక్షమంది జపాను సైనికులు, వారికి తోడు పోరాటముతో సంబంధము లేని స్త్రీలు, వృద్ధులు, పిల్లలు ఇంచుమించు మరొక లక్షమంది మరణించారు.

అయితే అక్కడే దేవుడు ఒక సాక్షిని నిలిపాడు. డెస్మండ్ డాస్ ఏడవదిన అడ్వెంటిస్టు సంఘస్థుడు. తుపాకి ముట్టనని, గాని గాయపడినవారికి సేవ చేస్తానని సైన్యములో చేరాడు. తోటివారు ఎగతాళి చేశారు. మేడా కొండ అంచున అందరు వెనుకకు పారిపోయినప్పుడు ఆయన మాత్రము అక్కడే నిలిచి, ఒక్కొక్క క్షతగాత్రుని త్రాడు కట్టి క్రిందికి దించాడు. ఇంకొక్కరిని, ప్రభువా, ఇంకొక్కరిని అని ప్రార్థించుచు సుమారు 75 మందిని కాపాడాడు. నవ్వినవారిలో కొందరు కూడ ఆ త్రాడుతోనే బ్రతికారు.

ఆగస్టు 6న హిరోషిమామీద, 9న నాగసాకిమీద అణుబాంబులు పడ్డాయి. నాగసాకిలో జపాను క్రైస్తవుల పాత కాపురము ఉరకామి. అక్కడి పెద్ద దేవాలయము కూడ కూలిపోయింది. సెప్టెంబరు 2న టోక్యో అఖాతములో, మిసూరి నౌకమీద, జపాను లొంగుబాటు పత్రముమీద సంతకములు జరిగాయి. తుపాకులు ఆగిపోయాయి. పగ ఆగిందా?

చెరసాలలో ఒక పుస్తకము

ఇక మనము గుర్తుంచుకొన్న ఇద్దరి సంగతి.

డిషేజర్ 40 నెలలు చెరలో ఉన్నాడు. అందులో 34 నెలలు ఒంటరి గదిలోనే. 1943 డిసెంబరులో తోటి ఖైదీ మీడర్ అనారోగ్యముతో, ఆకలితో చనిపోయాడు. మనుష్యుడు మనుష్యుని ఇంతగా ఎందుకు ద్వేషించును అన్న ప్రశ్న అతనిని తినివేసింది. ఖైదీలు అడుగగా 1944 మే నెలలో అతనికి ఒక బైబిలు మూడు వారములకు మాత్రము ఇచ్చారు. మసక వెలుతురులో పగలంతా చదివాడు, వచనములు కంఠస్థము చేశాడు. జూన్ 8న, రోమా పత్రిక 10వ అధ్యాయము 9వ వచనము చదువుచు, తన హృదయమును ప్రభువుకు అప్పగించాడు.

కాని పరీక్ష తరువాత వచ్చింది. ఒక కావలివాడు అతనిని గదిలోనికి నెట్టి తలుపు వేయుచు అతని పాదమును ఇరికించి, మేకుల బూట్లతో తన్నాడు. మునుపటి డిషేజరైతే ఏమి చేసేవాడో మనకు తెలుసు. ఇప్పుడు శత్రువులను ప్రేమించవలెనన్న ప్రభువు ఆజ్ఞ జ్ఞాపకమునకు వచ్చింది. మరునాడు ఆ కావలివానిని మర్యాదగా పలుకరించి, అతని కుటుంబము క్షేమము అడిగాడు. ఆ తరువాత అట్లే పలుకరించుచు వచ్చాడు. కొన్నాళ్లకు ఆ కావలివాడు ఉడికించిన ఒక చిలగడదుంపను తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఒకనాడు దుంపను గోడకేసి కొట్టిన చేయి అది!

1945 ఆగస్టులో విడుదలై, చదువుకొని, 1948 డిసెంబరులో భార్య ఫ్లోరెన్సుతో కలిసి ఫ్రీ మెథడిస్టు మిషనరీగా ఆయన తిరిగి వెళ్లినది ఏ దేశమునకో తెలుసా? జపానుకే.

స్టేషనులో ఒక కరపత్రము

ఫుచిదా యుద్ధము తరువాత పల్లెకు వెళ్లి సేద్యము చేసికొనుచు బ్రతికాడు. గెలిచినవారు ఓడినవారికి తీర్చు తీర్పు న్యాయమెట్లగునని అతని మనస్సు ఉడికిపోయేది. అమెరికావారు కూడ మన ఖైదీలను హింసించే ఉంటారు, దానిని నిరూపిస్తాను అనుకొని, తిరిగి వచ్చిన ఖైదీలను విచారించాడు. తనకు తెలిసిన ఒక పాత సైనికుడు చెప్పిన సంగతి విని నిర్ఘాంతపోయానని ఆయన తరువాత సాక్ష్యమిచ్చాడు.

మార్గరెట్ కోవెల్ అను యువతి అమెరికాలో గాయపడిన జపాను ఖైదీలకు ప్రేమతో సేవ చేసింది. ఆమె తలిదండ్రులు జేమ్స్ కోవెల్, చార్మా కోవెల్ జపానులో ఏండ్ల తరబడి బోధించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు. ఒంగోలులో, నరసరావుపేటలో, వినుకొండలో సువార్త పనిచేసినది ఆ మిషనే. 1943 డిసెంబరులో ఫిలిప్పీనులలోని పనాయ్ దీవిలో జపాను సైనికులు ఆ దంపతులను, తోటి మిషనరీలతో కూడ చంపివేశారు. కన్నవారిని చంపిన జాతివారికి ఆ బిడ్డ సేవ చేసింది. ఎందుకు? ఫుచిదాకు జవాబు దొరకలేదు.

1948లో టోక్యోలోని షిబుయా స్టేషనులో ఎవరో అతని చేతిలో ఒక కరపత్రము పెట్టారు. అది డిషేజర్ సాక్ష్యము. అది చదివి బైబిలు కొన్నాడు. లూకా సువార్త 23వ అధ్యాయము 34వ వచనము దగ్గర ఆగిపోయాడు. సిలువమీద ప్రభువు తనను చంపుచున్నవారి కొరకే తండ్రిని వేడుకొన్న మాట అది. ఆ బిడ్డ ఎవరివద్ద నేర్చుకొన్నదో అప్పుడు అతనికి అర్థమైంది.

1950లో ఫుచిదా, డిషేజర్ ఒకరినొకరు కలిసికొన్నారు. పెర్ల్ హార్బరుమీదికి దండు నడిపినవాడు ఒకడు, దానికి బదులుగా నగోయామీద బాంబు వేసినవాడు మరొకడు. ఇద్దరు కలిసి సువార్త సభలలో నిలిచారు. 1959లో డిషేజర్ ఏ నగోయామీద బాంబులు వేశాడో ఆ నగోయాలోనే సంఘమును స్థాపించుటకు వెళ్లాడు. ఫుచిదా 1976లో, డిషేజర్ 2008లో ప్రభువునందు నిద్రించారు.

ఒక మాట చెప్పక తప్పదు. మిడ్వే యుద్ధము గురించి ఫుచిదా వ్రాసిన వాటిలో కొన్ని సరికావని తరువాతి చరిత్రకారులు చూపించారు. మారుమనస్సు పొందినవాడు కూడ పొరపాటు పడవచ్చును. మనము ఆయనను పూజించుటలేదు. ఆయనను క్షమించిన ప్రభువును చూస్తున్నాము.

మన పల్నాటి సంగతి

పిడుగురాళ్లకు దగ్గరలోనే కారంపూడి ఉంది. కోడిపందెముతో రగిలిన పౌరుషము అన్నదమ్ముల రాజ్యములను రణరంగమునకు ఎట్లు తెచ్చిందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎనిమిది వందల ఏండ్లు దాటినా ఆ కథ మన నేలలో ఉంది. మన ఊళ్ల కక్షలకు కూడ మొదలు చూస్తే ఒక గట్టు, ఒక కాలువ, ఒక మాట. పసిఫిక్ సముద్రమంత పెద్ద యుద్ధములోను మన పొలము గట్టుమీదను మనుష్యుని హృదయము ఒక్కటే.

నా సంగతి కూడ దాచను. మా నాన్నకు, మా పెదనాన్నకు మూరెడు గట్టు దగ్గర మాట పెరిగింది. ఇద్దరును ఒకే మందిరమునకు వచ్చేవారు. ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు కూర్చునేవారు. ఒకే బల్లయొద్ద రొట్టె తీసికొన్నారు, గాని ఒకరితో ఒకరు మాట్లాడకుండానే వెళ్లిపోయారు. ఇప్పుడు వారి సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. ఆ మధ్య గట్టు లేదు.

ఒకినావాలో 1995లో ఒక స్మారకము కట్టారు. నల్లరాతి గోడలమీద ఆ యుద్ధములో చనిపోయిన రెండు లక్షల నలభైవేల మందికి పైగా పేర్లు చెక్కారు. జపానువారివి, అమెరికనులవి, కొరియనులవి, సైనికులవి, పిల్లలవి. శత్రువు, మిత్రుడు అను తేడా లేదు. అంతకుముందు 1985లో ఇవోజిమా ఇసుకలో ఇరుపక్షముల ముసలి సైనికులు ఎదురై ఒకరినొకరు కౌగిలించుకొన్నారు. వారు నలభై ఏండ్లు ఆగారు. మా పెద్దలకు ఆ నలభై ఏండ్లు దొరకలేదు.

డిషేజర్ సాక్ష్యము చదివిన సంవత్సరము క్రిస్మసు మరునాడు నేను మా పెదనాన్న కుమారుని ఇంటికి వెళ్లాను. గుమ్మములో నిలబడితే, "రా తమ్ముడూ, కూర్చో" అన్నాడు. వదిన మంచినీళ్లు ఇచ్చింది. ఏమి మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. పత్తి ధర గురించి, ఆ ఏడు మిరపకు వచ్చిన తెగులు గురించి మాట్లాడుకొన్నాము. గట్టు మాట ఎవరూ ఎత్తలేదు. వచ్చేటప్పుడు వాకిలిదాకా నాతో నడిచి వచ్చాడు. ఇంతకంటె పెద్ద సంగతి ఏమీ జరుగలేదు. కాని ఆ తరువాతి ఆదివారము మా పిల్లలు ఒకే చాపమీద కూర్చున్నారు.

ప్రియులారా, ఓడలను ముంచుటకు నిమిషములు చాలాయి. పగను ముంచుటకు ఎవరో ఒకరు ముందు లేవాలి. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో లూకా 23వ అధ్యాయము చదవండి. చదివిన తరువాత, ఎవరి గుమ్మము మీరు చాలకాలముగా తొక్కలేదో ఒక్కసారి ఆలోచించండి. వచ్చే సంస్కారపు ఆదివారమునకు ముందే ఆ గుమ్మము దగ్గరకు వెళ్లిరండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.